ఆదివారం మిగిలిన మాంసం, సోమవారం పై

ఇంగ్లండులో ఒకప్పుడు సోమవారం అంటే బట్టలు ఉతికే రోజు. వాషింగ్ మెషీన్లు లేని ఆ కాలంలో ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి, పెద్ద రాగి కాగులో నీళ్ళు కాచి, వారం రోజుల బట్టలూ అందులో ఉడకబెట్టి, పలక మీద రుద్ది, పిండి, ఆరేసేసరికి పొద్దు వాలిపోయేది. అలాంటి రోజున తీరిగ్గా వంట చేసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? అందుకే ఆదివారం మధ్యాహ్నం కాల్చిన పెద్ద మాంసం ముక్కలో కొంత మిగిల్చి దాచేవాళ్ళు. సోమవారం దాన్ని చల్లగానే కోసి పళ్ళెంలో పెడితే ఒక పూట గడిచిపోయేది. ఇంకా కాస్త మిగిలితే సన్నగా తరిగి, ఉల్లిపాయా గ్రేవీ కలిపి, పైన ఉడికించి చిదిమిన బంగాళాదుంప పరిచి కాల్చేవాళ్ళు. ఇవాళ మనం షెపర్డ్స్ పై అంటున్నది అలా మిగులులోంచి వచ్చిన వంట.

ఇప్పుడు వీడియోల్లో చూపించే షెపర్డ్స్ పై చూస్తే ఈ సంగతి ఎవరికీ తట్టదు. అరకిలో కీమా, వంద గ్రాముల వెన్న, కప్పు మీగడ, పైన గుప్పెళ్ళతో చీజ్. అదే అసలు సిసలు వంట అంటారు. వెన్న తగ్గించి కూరగాయలు పెంచితే దానికి లైట్ అని పేరు పెట్టి, ఏదో జబ్బుమనిషికి చేసిన పథ్యం కూడులా చూస్తారు. మావారికి డాక్టరుగారు కొవ్వు తగ్గించమన్నాక నేనూ మొదట ఆ దృష్టితోనే వెతకడం మొదలుపెట్టాను. మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు మనవలు వారానికోసారి ఈ పై అడుగుతారు, ఈయనకీ ఇష్టమే. వెతుకుతూ వెతుకుతూ వంటల పుస్తకాలు దాటి చరిత్రలోకి వెళ్ళిపోయాను. అక్కడ తేలిందేమిటంటే, తేలికగా చేసుకోవడమే పాత పద్ధతి. బరువుగా చేసుకోవడం నిన్నమొన్నటిది.

ముందు పేరు సంగతి. పై అంటే ఇంగ్లీషువాళ్ళకి పిండి మూతలో పెట్టి కాల్చిన వంట. మన తెలుగులో పైన మూత ఉంటుంది కాబట్టి పై అని గుర్తు పెట్టుకోవచ్చు, మా మనవరాలికి నేను అలాగే చెప్పాను. ఆ మూతకి గోధుమపిండి కావాలి, అందులో కలపడానికి వెన్నో పందికొవ్వో కావాలి. రెండూ ఖరీదే. అంత స్తోమత లేని ఇంట్లో మూతకి బంగాళాదుంప వాడారు. అంటే చూడండి, దుంప మూతే ఒక పొదుపు. కొవ్వు కలిపిన పిండి బదులు పెరట్లో పండిన దుంప. ఈ వంట తేలికవడం అక్కడే మొదలైంది.

గుడిసె అనే అర్థంలో దీన్ని కాటేజ్ పై అన్నారు. ఆ పేరు 1791లోనే కనిపిస్తుంది. నార్ఫోక్ జిల్లాలో వెస్టన్ లాంగ్‌విల్ అనే ఊళ్ళో జేమ్స్ వుడ్‌ఫర్డ్ అనే చర్చి ఫాదర్ ఉండేవాడు. ఆయనకి రోజూ ఏం తిన్నాడో డైరీలో రాసుకునే అలవాటు. ఆ ఏడాది ఆగస్టు 29న తమ ఇంట్లో కాటేజ్ పై, దాంతోపాటు కాల్చిన గొడ్డు మాంసం వడ్డించారని రాశాడు. పేరు గుడిసెదైనా తిన్నవాడు గుడిసెవాడు కాదన్నమాట. మన ఇళ్ళలో సంకటి ఇప్పుడు పెద్ద హోటళ్ళకి ఎక్కినట్టు, పేదల తిండి పెద్దల పళ్ళేల్లోకి అప్పుడే ఎక్కింది.

షెపర్డ్స్ పై అనే పేరు ఇంకా యాభై అరవై ఏళ్ళకి గానీ రాలేదు. 1849లో ఎడింబరోలో అచ్చయిన ఒక వంటల పుస్తకంలో ఈ పేరుతో వంట ఉంది. అందులో ఫలానా మాంసమే కావాలని లేదు, వండిన మాంసం ఏదైనా సరే. గొర్రెల కాపరి పేరు పెట్టారు కాబట్టి గొర్రె మాంసమే వాడాలి, గొడ్డు మాంసమైతే కాటేజ్ పై అనాలి అని ఇప్పుడు గట్టిగా వాదించేవాళ్ళున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పట్టింపు లేదు, రెండు పేర్లూ ఒకదాని బదులు ఒకటి వాడేవారు. ఇంట్లో ఏది మిగిలితే అది. మిగిలినదానికి నియమాలేమిటి?

ఈ వంటలో అసలు కథ దుంపది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద వేల ఏళ్ళ కిందటే మచ్చిక చేసిన పంట ఇది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు సముద్రం దాటించి యూరప్‌కి తెచ్చారు. మొదట జనం నమ్మలేదు. కానీ చిన్న చెక్క నేలలో ఇంటిల్లిపాదికీ సరిపడా పండేది, గోధుమలా దంచి విసరాల్సిన పని లేదు, ఒక్క కుండ ఉంటే చాలు ఉడికిపోయేది. పొయ్యి కట్టెలకీ పొదుపే. ఐర్లండులో కౌలుదార్లూ కూలీలూ దాని మీదే బతకడం మొదలుపెట్టారు. దుంపా, మజ్జిగా, ఉప్పూ అంతే. 1845లో ఆ పంటకి తెగులు తగిలింది, వరసగా ఏళ్ళ తరబడి దుంపలు నేలలోనే కుళ్ళిపోయాయి. సుమారు పది లక్షల మంది ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకీ చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం వదిలిపోయారు. అప్పుడు లండన్ ఖజానా కార్యాలయంలో కూర్చుని ఐర్లండు కరువు సాయాన్ని నడిపిన అధికారి చార్ల్స్ ట్రెవెల్యన్. ప్రభుత్వం మరీ ఎక్కువ సాయం చేస్తే జనం సోమరులవుతారని నమ్మిన మనిషి. ఆయనే తర్వాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పుడు మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా ఆయన పాలన కిందే ఉన్నాయి. దుంప కథ వెతుకుతూ పోతే మన ఊరి గవర్నరు ఎదురవుతాడని నేను అనుకోలేదు.

ఇక వంటింటికి వద్దాం. 1861లో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ రాసిన గృహనిర్వహణ పుస్తకం అచ్చయింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళకే, ప్రసవమయ్యాక వచ్చిన జ్వరంతో చనిపోయింది. ఆ పుస్తకం మొదటి అచ్చులో షెపర్డ్స్ పై లేదు, కాటేజ్ పై లేదు. కానీ నిన్నటి చల్లారిన మాంసంతో ఇవాళ ఏం చేయాలో చెప్పే వంటలు బోలెడున్నాయి. నౌకర్లున్న మధ్యతరగతి ఇంటికి కూడా మిగిలిన ముక్క పారేయడం అనే మాటే లేదు. ఆ తర్వాత చేత్తో తిప్పే ఇనుప కీమా యంత్రాలు ఇళ్ళలోకి వచ్చాయి. కత్తితో తరిగే పని పోయి, గట్టి ముక్కలూ నరాలూ కూడా మెత్తగా వచ్చే రోజులు. ఆ యంత్రమే ఈ పైకి ఇప్పటి రూపం ఇచ్చింది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. నన్ను ఈ చరిత్రలో అన్నిటికంటే కట్టిపడేసిన పుస్తకం వంటల పుస్తకం కాదు. 1913లో మాడ్ పెంబర్ రీవ్స్ అనే ఆవిడ రాసింది. లండన్‌లో లాంబెత్ అనే పేదల పేటలో వారానికి ఇంచుమించు ఒక పౌను సంపాదనతో బతికే కుటుంబాలని ఆవిడా, ఆవిడ తోటి ఆడవాళ్ళూ కొన్నేళ్ళపాటు వారం వారం వెళ్ళి కలిశారు. ఖర్చుల లెక్క రాసి పెట్టమని ఇల్లాళ్ళని అడిగారు. రాయడం రానివాళ్ళుంటే వాళ్ళు చెబుతుంటే వీళ్ళు రాసుకున్నారు. అద్దె, బొగ్గులు, సబ్బు, చావు ఖర్చుకి కట్టే బీమా, రొట్టె, దుంపలు... కాణీ కాణీ లెక్క. ఆ లెక్కల్లో మాంసం ఎవరిదో స్పష్టంగా కనిపిస్తుంది. ఆదివారం ముక్క ఇంటాయన ఇంట్లో ఉంటాడని కొంటారు, మిగిలింది మర్నాడు ఆయనకే. పిల్లలకి రొట్టే, దుంపలే, వాటి మీద కాస్త గ్రేవీ. తల్లికి చివర్లో ఏది మిగిలితే అది. రీవ్స్ మగవాళ్ళని తిట్టదు. సంపాదించేవాడు మంచాన పడితే ఇల్లంతా వీధిన పడుతుంది, అందుకని తల్లే ఆయనకి పెడుతుంది అంటుంది. ఆ మాట ఎంత నిజమో అంత కష్టంగా ఉంటుంది చదవడానికి.

మనకి ఇది పరాయి దేశపు విడ్డూరం కాదుగా. మా చిన్నప్పుడు ఆదివారం కిలో మాంసం తెస్తే ఇంట్లో తొమ్మిది మందిమి. ముక్కలు నాన్నకీ, బాబాయిలకీ, తర్వాత మగపిల్లలకీ, తర్వాత మాకూ. అమ్మా, నానమ్మా చివర్లో కూర్చుని గిన్నె అంచున అంటుకున్న పులుసులో అన్నం కలుపుకునేవాళ్ళు. పులుసులోనే అసలు రుచి అంతా ఉంటుందే అనేది అమ్మ. నేను చాలా ఏళ్ళు అది నమ్మాను.

అందుకే నాకు ఈ పై మీద ఒక ప్రత్యేకమైన గౌరవం కలిగింది. ముక్క ముక్కగా ఉన్నంతసేపూ మాంసానికి పేరు పెట్టొచ్చు. ఇది ఆయనది, ఇది పెద్దాడిది అనొచ్చు. సన్నగా తరిగి ఉల్లిపాయలో, క్యారెట్‌లో, గ్రేవీలో కలిపేసి పైన దుంప కప్పేశాక ఏ గరిటెలో ఎంత మాంసం ఉందో ఎవరికీ తెలియదు. తల్లి పళ్ళెంలోకీ ఇంచుమించు అంతే వస్తుంది. లాంబెత్ ఇళ్ళలో ఎంతమందికి ఇది కుదిరిందంటే, చాలామందికి కుదరలేదనే చెప్పాలి. వాళ్ళలో ఎక్కువమందికి సరైన ఓవెనే లేదు, వండుకోవడానికి ఒకటో రెండో గిన్నెలు, అవీ సొట్టలు పడ్డవి. ఓవెన్ లేని ఇళ్ళవాళ్ళు ఆదివారం భోజనాన్ని వీధి చివర రొట్టెల బట్టీకి పంపి కాల్పించుకునేవాళ్ళు. గుడిసె పేరు పెట్టుకున్న వంట చేసుకోవడానికి గుడిసెలో పొయ్యి సరిగ్గా లేదు!

దేశమంతా ఒకే రకంగా ఈ వంట చేసుకున్న కాలం ఒకటి వచ్చింది. అది రెండో ప్రపంచ యుద్ధం. 1940 జనవరి 8న బ్రిటన్‌లో రేషన్ మొదలైంది. ముందు వెన్న, పంచదార, బేకన్. మార్చిలో మాంసం కూడా. మాంసాన్ని తూకంలో కాక ధరలో ఇచ్చారు. పెద్దవాళ్ళకి మనిషికి వారానికి 1 షిల్లింగు 10 పెన్నీల మాంసం, తర్వాత అది 1 షిల్లింగు 2 పెన్నీల దగ్గరకి దిగిపోయింది. ఈ ధర లెక్కలో ఒక కిటుకుంది. మంచి ముక్క కొంటే కొంచెమే వస్తుంది, చవక ముక్క కొంటే ఎక్కువ వస్తుంది. చవక ముక్కలు నరాలతో, గట్టిగా ఉంటాయి. వాటికి దారి కీమా యంత్రమే. వెన్న మనిషికి వారానికి 2 ఔన్సులకి, అంటే సుమారు 57 గ్రాములకి పడిపోయిన రోజులున్నాయి. ఇప్పటి వీడియోల్లో ఒక్క పై మీద వేసే వెన్న, అప్పటి ఒక మనిషికి రెండు వారాల వాటా కంటే పెద్దగా తక్కువేం కాదు.

యుద్ధమంతా దుంపలకి మాత్రం రేషన్ లేదు. ఓడల మీద గోధుమలు రావడం కష్టమైంది కాబట్టి ఇంట్లో పండే దుంపే తినండని ప్రభుత్వం చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. పొటాటో పీట్ అనే టోపీ పెట్టుకున్న దుంప బొమ్మని గోడల మీద అతికించింది. ఉదయం వార్తల తర్వాత రేడియోలో కిచెన్ ఫ్రంట్ అని వంటల కార్యక్రమం నడిపింది. ఆహార శాఖలో మార్గరీట్ ప్యాటెన్ లాంటి వంట నిపుణులు ఊరూరా తిరిగి చేసి చూపించారు. వాళ్ళు చెప్పిన పైలలో మాంసం తక్కువ, క్యారెట్, టర్నిప్, ఓట్లు, పప్పులు ఎక్కువ. దుంప చిదమడానికి వెన్న లేకపోతే ఉడికించిన నీళ్ళో, కాసిని పాలో. పోషకాలు నీళ్ళలో పోకుండా తొక్కతోనే ఉడికించమనేవాళ్ళు.

ఇక అసలు మాంసమే లేని పై కూడా ఒకటి వచ్చింది. ఆహార మంత్రి లార్డ్ వూల్టన్ పేరు మీద, లండన్ సావోయ్ హోటల్ వంటాయన ఫ్రాంస్వా లాత్రీ తయారు చేసింది. దుంప, కాలీఫ్లవర్, క్యారెట్, ఓట్లతో చేసిన ఆ వూల్టన్ పైని 1941లో పత్రికలన్నీ మోశాయి. జనం మాత్రం దాన్ని తిని మంత్రిగారి మీద జోకులేశారు. వాళ్ళని తప్పు పట్టలేను. వట్టి దుంపా, ముల్లంగి జాతి దుంపలూ, ఘాటైనదేదీ లేకుండా ఉడికించి పెడితే మన నాలుకకి అసలే ఎక్కదు. కొద్దిపాటి మాంసం కలిపిన పై అందుకే నిలిచింది, అది లేనిది యుద్ధంతో పాటే పోయింది. తేలిక చేయడానికీ, చప్పగా చేయడానికీ మధ్య ఉన్న గీత అది.

రేషన్ పుస్తకం ఇంటికొకటి కాదు, మనిషికొకటి ఉండేది. చంటిబిడ్డకి కూడా. తల్లి పేరు మీద కూడా మాంసం వాటా కాగితం మీద రాసి ఉంది. ఆ వాటాని తల్లి తిన్నదా అంటే, చాలామంది తల్లులు మళ్ళీ పిల్లల పళ్ళెంలోకో ఆయన పళ్ళెంలోకో తోసేశారు. కాగితం అంత త్వరగా అలవాటు మార్చదు. కానీ గర్భిణులకీ పిల్లలకీ పాలు, నారింజరసం, కాడ్ చేప నూనె విడిగా ఇచ్చారు. యుద్ధం చివరికి వచ్చేసరికి బ్రిటన్‌లో శిశు మరణాలు తగ్గాయి. ఇదంతా చదివి మెచ్చుకుంటున్నప్పుడే మనసు ఇంకోవైపు లాగుతుంది. అదే ప్రభుత్వం ఏలుతున్న బెంగాల్లో 1943లో అన్నం లేక లక్షలాది మంది చనిపోయారు. వాళ్ళ చేతుల్లో రేషన్ పుస్తకాలు లేవు.

బ్రిటన్‌లో రేషన్ 1954 జూలై 4 దాకా సాగింది. ఆఖరుగా వదిలింది మాంసాన్నే. పద్నాలుగేళ్ళు కొలిచి తిన్నవాళ్ళకి వెన్న గిన్నె కనిపిస్తే చెయ్యి ఆగుతుందా? తర్వాతి ఏళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చాయి, కీమా ప్యాకెట్లలో దొరికింది, ఆదివారం మిగులు కోసం ఆగాల్సిన పని పోయింది. పచ్చి కీమా కొని, దానికోసమే పై చేయడం మొదలైంది. చీజ్ పైకెక్కింది. స్కూళ్ళలో, క్యాంటీన్లలో ట్రేలకి ట్రేలు చేశారు. దుంపలో మీగడ కలపడం హోటళ్ళ అలవాటు, అది ఇళ్ళలోకి దిగింది. మనం అసలైనది అనుకునేది ఈ రెండో కథలోది.

మన దగ్గరకి ఈ వంట రైళ్ళతో వచ్చింది. బిట్రగుంట, కాజీపేట, లాలాగూడ, గుంతకల్లు రైల్వే కాలనీల్లో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్ళ ఇళ్ళలో కీమాలో పచ్చిమిరపకాయా, అల్లం, గరంమసాలా పడ్డాయి. ఓవెన్ లేనివాళ్ళకి అదే వంట తిరగేసిన రూపం ఒకటుంది, పొటాటో చాప్. దుంప ముద్దలో కీమా పెట్టి మూసి, గుడ్డులో ముంచి, రొట్టెపొడి అద్ది వేయించేది. దుంప పైన కాకుండా చుట్టూతా ఉంటుంది, అంతే తేడా. తిన్నవాళ్ళు మర్చిపోరు. కాకపోతే నూనెలో వేయించాలి కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు దానికి సెలవు.

సరే, ఇక చేసుకునే పద్ధతి. ఆరుగురికి సరిపడా నేను చేసే కొలత చెబుతాను.

అరకిలో మామూలు కీమాలో ఐదో వంతు కొవ్వుంటే వంద గ్రాముల కొవ్వు లోపలికి వెళ్ళినట్టే. అందుకని నేను పావుకిలో కీమా తీసుకుంటాను, కొట్టించేటప్పుడే తెల్ల కొవ్వు తీసేయమని చెబుతాను. తగ్గిన పావుకిలో చోటులోకి వంద గ్రాముల పొట్టు మసూర్ పప్పు. ఎర్ర కందిపప్పు కాదు, పొట్టు తీయని గోధుమరంగుది. అది ఉడికినా పూర్తిగా మెదగదు, నోటికి కీమాలాగే తగులుతుంది. మాంసంలో పప్పేమిటని నొసలు చిట్లించకండి. హైదరాబాద్ దాల్చాలో శనగపప్పు, సొరకాయ వేసి మాంసాన్ని ఇంటిల్లిపాదికీ సరిపెట్టలేదా? గోంగూర మాంసం, దోసకాయ మాంసం చేసే మనకి ఒకరు నేర్పాలా ఈ విద్య?

పప్పు గంట నానబెట్టి, పలుకు మిగిలేలా విడిగా ఉడికించాలి. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె వేయకుండానే కీమా వేసి వేయిస్తే దాని కొవ్వు అదే వదులుతుంది. మూకుడు వంచి ఆ కొవ్వు తీసేయండి, ఒక చెంచా మాత్రం ఉంచండి. అందులోనే సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు క్యారెట్లు, దొరికితే సెలెరీ కాడ, లేకపోతే బీన్స్, గుప్పెడు పుట్టగొడుగులు. పుట్టగొడుగులు దండగ అనుకోవద్దు, వెన్న తగ్గించినప్పుడు పోయే కమ్మదనంలో సగం అవే తిరిగి తెస్తాయి. ఉల్లిపాయ ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. తేలిక వంటలు చప్పగా ఉండడానికి కారణం కొవ్వు లేకపోవడం కాదు, ఈ ఓపిక లేకపోవడం. తర్వాత ఒక టమాటా, ఉప్పు, దంచిన మిరియాలు, బిర్యానీ ఆకు, ఉడికిన పప్పు దాని నీళ్ళతో సహా. చిక్కబడటానికి మైదా అక్కర్లేదు, పప్పే చిక్కబరుస్తుంది.

ఇంగ్లండులో ఇందులో వూస్టర్ సాస్ రెండు చుక్కలు వేస్తారు. ఆ సీసా మీద చిన్న అక్షరాలు చదివితే అందులో చింతపండు ఉంటుంది! ఆంకోవీ అనే ఉప్పుచేపలూ ఉంటాయి. సాస్ లేకపోతే చిక్కటి చింతపండు పులుసు ఒక చెంచా, చిటికెడు బెల్లం వేయండి. నాకు సాస్ కంటే ఇదే నచ్చింది.

మూతకి అరకిలో దుంపలు, పావుకిలో పైన కాలీఫ్లవర్. కొత్త దుంపలు వద్దు, జిగురుగా ఉంటాయి, నిలవ దుంపలైతే పొడిపొడిగా చిదుముతాయి. తొక్కతో ఉడికించి, వేడిగా ఉండగానే ఒలిచి చేత్తో చిదమండి. మిక్సీలో మాత్రం వేయకండి, గంజి కట్టి జిగురు ముద్దవుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. కాలీఫ్లవర్ ఆవిరి మీద ఉడికించి, బట్టలో వేసి నీళ్ళు పిండాలి. కొందరు మూత మొత్తం కాలీఫ్లవర్‌తోనే చేస్తున్నారు. నాకది నచ్చలేదు. నీళ్ళు ఊరి కిందికి దిగుతుంది, పైన ఎర్రబడదు. దుంప రెండు వంతులు, పువ్వు ఒక వంతు దాటకుండా ఉంటే ఎవరికీ తేడా తెలియదు, పిల్లలకి అసలే తెలియదు. మూడు చెంచాల వేడి పాలు, ఒక చెంచా వెన్న, ఉప్పు, మిరియాలు. ఆ చెంచా వెన్న కూడా మానేయమని నేను చెప్పను.

వెడల్పాటి పాత్రలో కీమా కూర పరిచి, పూర్తిగా చల్లారాక పైన దుంప వేయాలి. వేడి మీద వేస్తే దుంప మునిగిపోతుంది. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి, అప్పుడు గ్రేవీ పైకి పొంగదు. ఫోర్కుతో పైన గీతలు గీయండి. ఆ గీతల కొసలే ఎర్రగా కరకరలాడేవి, చీజ్ చేసే పని అవే చేస్తాయి. 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద పాత్ర పెట్టి మూత పెట్టి సన్నసెగన పావుగంట వేడి చేసుకోవచ్చు. పైన ఎర్రబడదు గానీ రుచికి లోటుండదు.

తీశాక పది నిమిషాలు ఆగండి, ముక్కలు చెదరకుండా వస్తాయి. నేను పాత్ర బల్ల మీదికి తేకముందే కత్తితో ఆరు భాగాలుగా గీతలు పెట్టేస్తాను, నా భాగంతో సహా. మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. మర్నాడు వేడి చేసేటప్పుడు అంచుల్లో రెండు చెంచాల నీళ్ళు పోయండి, లేకపోతే పప్పు నీరంతా పీల్చేసి గట్టిపడుతుంది.